సీట్ల తగాదాలో దక్కిన బడి హక్కు

తొంభైల్లో ఇంటర్ చదివే పిల్లలున్న తెలుగిళ్లలో రెండు మాటలు తరచూ వినిపించేవి: ఫ్రీ సీటు, పేమెంట్ సీటు. ఎంసెట్ ర్యాంకు తెలిసింది మొదలు కౌన్సెలింగ్ అయ్యేదాకా పొలం అమ్మాలా, అప్పు చేయాలా అని తండ్రులు లెక్కలు వేసుకునేవారు. ఆ రెండు రకాల సీట్లూ సుప్రీంకోర్టు పెట్టినవే. ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 1993 ఫిబ్రవరి 4న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పది. పలకా బలపం పట్టాల్సిన వయసు పిల్లలకు రాజ్యాంగ హక్కు దక్కిందీ ఆ తీర్పులోనే. ఇంజినీరింగ్ సీట్లు గుర్తున్నంతగా ఆ సంగతి మనవాళ్లకు గుర్తులేదు.

కథ మన దగ్గరే మొదలైంది. కాలేజీల్లో డొనేషన్లు వసూలు చేయడం నేరమని ఆంధ్రప్రదేశ్ 1983లో చట్టం చేసింది. ఎంట్రన్స్ ర్యాంకుల ప్రకారమే సీట్లివ్వాలన్న పద్ధతికి ఆధారం అదే. తొమ్మిదేళ్లకే, 1992లో, అదే చట్టంలోకి 3-ఎ అనే సెక్షన్ వచ్చి చేరింది. ప్రైవేటు కాలేజీలు సగం సీట్లను ర్యాంకుతో పని లేకుండా తమకు నచ్చినవాళ్లతో నింపుకోవచ్చన్నది దాని సారాంశం. ముందు తలుపు మూసి దొడ్డిదారి తెరవడమే ఇది. హైకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ప్రైవేటు మెడికల్, డెంటల్ కాలేజీలకిచ్చిన అనుమతులను కూడా తప్పుపట్టడంతో అదే ఏడాది ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవి వదులుకోవాల్సి వచ్చింది.

ఈలోగా పొరుగు రాష్ట్రం నుంచి ఇంకో కేసు తేలింది. కర్ణాటకలో ప్రైవేటు మెడికల్ కాలేజీల ఫీజు అప్పట్లో మూడు రకాలు. ప్రభుత్వ కోటా వాళ్లకు ఏడాదికి 2,000 రూపాయలు, ఆ రాష్ట్రం వాళ్లకు 25,000, బయటివాళ్లకు 60,000. మీరట్ నుంచి వచ్చిన మోహినీ జైన్ అంత కట్టలేక సుప్రీంకోర్టుకు వెళ్లింది. చదువు అన్ని స్థాయిల్లోనూ ప్రాథమిక హక్కేనని 1992 జులైలో ఇద్దరు న్యాయమూర్తులు తేల్చారు. దాంతో కాలేజీల యాజమాన్యాలు హడలిపోయాయి. మన రాష్ట్రం సహా పలుచోట్ల నుంచి కోర్టుకెక్కి, ఆ తీర్పును మళ్లీ పరిశీలించమన్నాయి. అలా వచ్చిందే ఉన్నికృష్ణన్ కేసు.

ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి మన హైకోర్టు నుంచి వెళ్లినవారే. సీట్లను సగం ఫ్రీ, సగం పేమెంట్ చేసి, రెండూ ప్రతిభ ప్రకారమే ఇవ్వాలన్నారు. అక్కడితో ఆగలేదు. రాజ్యాంగంలోని 45వ అధికరణను ముందుకు తెచ్చారు. పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలందరికీ ఉచిత నిర్బంధ విద్య పదేళ్లలో అందించాలని రాసుకున్న మాట అది. ఆదేశిక సూత్రాల్లో గడువు పెట్టింది దానికొక్కదానికే. గడువు 1960లోనే దాటిపోయింది. పైచదువులకు పెట్టినంత డబ్బూ శ్రద్ధా చిన్నబడుల మీద పెట్టలేదని తీర్పు నిష్ఠూరమాడింది. పద్నాలుగేళ్లలోపు చదువు జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. కాలేజీ సీటు కోసం కొట్లాడుకునేవాళ్లను కూర్చోబెట్టి, అసలు బడి ముఖమే చూడని పిల్లల సంగతి ఎత్తిన ఆ ధైర్యమంటే నాకెంతో గౌరవం.

పద్నాలుగే ఎందుకు? రాజ్యాంగ సభలో 1948 నవంబర్ 23న ఈ ప్రశ్నే వచ్చింది. ప్రాథమిక విద్య వరకు అని రాస్తే చాలని ఒక సభ్యుడు సవరణ ప్రతిపాదించాడు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఫ్యాక్టరీ పనుల్లో పెట్టకూడదని మరో అధికరణలో రాసుకున్నాం, పనిలో పెట్టని పిల్లవాడు ఆ వయసు దాకా బడిలో ఉండాలి కదా అని అంబేడ్కర్ జవాబిచ్చారు. కూలికీ బడికీ మధ్య పిల్లలు జారిపోకుండా చూసిన ఆలోచన అది. ఆ రోజే ఒక నష్టమూ జరిగింది. ఉచిత ప్రాథమిక విద్యకు ప్రతి పౌరుడూ హక్కుదారు అని ముసాయిదాలో ఉన్న ముక్కను సవరణ పెట్టి తీసేశారు. ప్రభుత్వం ప్రయత్నిస్తుంది అన్నంతవరకే మిగిలింది.

ఉన్నికృష్ణన్ తీర్పులోని సీట్ల పథకాన్ని 2002 అక్టోబర్‌లో పదకొండుగురు న్యాయమూర్తులు టి.ఎం.ఎ. పాయ్ కేసులో రద్దు చేశారు. పిల్లల హక్కు జోలికి మాత్రం పోలేదు. అదే ఏడాది డిసెంబర్‌లో 86వ సవరణతో 21-ఎ అధికరణగా అది రాజ్యాంగంలోకే ఎక్కింది. అమల్లోకి రావడానికి, విద్యాహక్కు చట్టంతో పాటు, 2010 ఏప్రిల్ 1 దాకా ఆగాల్సి వచ్చింది. టీసీ లేదనీ, జనన ధ్రువపత్రం లేదనీ బడిలో చేర్చుకోకుండా తిప్పి పంపకూడదని ఆ చట్టంలో ఉంది. చూడ్డానికి చిన్న నిబంధన. పాలమూరు నుంచి ఊళ్లు పట్టుకు తిరిగే వలస కూలీల పిల్లలకు మాత్రం బడి గుమ్మం దాటించేది అదే.

అయితే సవరణ ఇచ్చింది కోర్టు ఇచ్చినదానికన్నా తక్కువ. ఉన్నికృష్ణన్ తీర్పు పద్నాలుగేళ్లలోపు వాళ్లందరినీ కలుపుకుంది. 21-ఎ ఆరేళ్ల దగ్గర మొదలవుతుంది. అంతకన్నా చిన్నవాళ్లను మళ్లీ 45వ అధికరణలోకి, అంటే ప్రభుత్వం ప్రయత్నించే జాబితాలోకే, నెట్టారు. అంగన్‌వాడీలో కూర్చునే నాలుగేళ్ల పాప తరఫున 21-ఎ పేరుతో కోర్టుకు వెళ్లే వీల్లేకుండా పోయింది. మూడు నుంచి పద్దెనిమిదేళ్ల దాకా అందరికీ చదువు అందాలని 2020 జాతీయ విద్యా విధానం రాసింది. 21-ఎ మాత్రం ఆరు, పద్నాలుగు అంకెల మధ్యే ఉంది. ఎనిమిదో తరగతితో ఆ పూచీ ముగుస్తుంది. తొమ్మిదిలో బడి మానేసి పత్తి చేలో కూలికి వెళ్లే ఆడపిల్లను వెనక్కి తెచ్చే బాధ్యత ఎవరిదో అందులో లేదు.