పెన్సిలు గీత నుంచి డిజిటల్ కుంచె దాకా: గోదావరి చిత్రకళ నేపథ్యంలో ఒక పరిశీలన

కీలకపదాలు: రేఖ, పెన్సిలు, డిజిటల్ కుంచె, దామెర్ల రామారావు, బాపు, గోదావరి చిత్రకళ

1. ఉపోద్ఘాతం

చేతి గీతకు చేయి, సాధనం, తలం అనే మూడు ఆధారాలున్నాయి. తాటాకుపై గంటం, కలంకారీ వస్త్రంపై కలం, కాగితంపై పెన్సిలు నడిచేటప్పుడు ఈ మూడింటి ఒరిపిడే గీత స్వరూపాన్ని నిర్ణయిస్తుంది. గత అరవై ఏళ్లలో ఈ గీత కంప్యూటరు తెర మీదికి చేరింది. అక్కడ సాధనానికీ తలానికీ భౌతిక స్వభావం లేదు కనుక దానిని గణితంతో కల్పించవలసి వచ్చింది. పెన్సిలు గీతను అనుకరించే డిజిటల్ కుంచెలు రూపొందిన క్రమాన్ని, గోదావరి మండల చిత్రకళాధ్యయనానికి వాటితో గల సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. గోదావరి తీరంలో రేఖాసాధన

రాజమహేంద్రవరం ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాలుగా పనిచేసిన ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. అడివి బాపిరాజు (1895-1952), దామెర్ల రామారావు (1897-1925) ఆయన ప్రోత్సాహంతో ఎదిగారు. రామారావు బొంబాయి జె.జె. కళాపాఠశాలలో శిక్షణ పొంది వచ్చి రాజమహేంద్రవరంలో చిత్రకళాశాల నెలకొల్పారు. 28 ఏళ్లయినా నిండకుండానే కన్నుమూశారు. ఇంత స్వల్పకాలంలో ముగిసిన కళాజీవితాన్ని అధ్యయనం చేసేవారికి వర్ణచిత్రాలతో పాటు పెన్సిలు చిత్తుచిత్రాలూ ముఖ్యమైన ఆధారాలు. చిత్రకారుడు ఎక్కడ ఒత్తి గీశాడో, ఎక్కడ తడబడి తిరిగి దిద్దాడో పూర్తయిన వర్ణచిత్రం కన్నా చిత్తుచిత్రమే స్పష్టంగా చెబుతుంది.

1933లో నరసాపురంలో జన్మించిన బాపు గీత తర్వాతి తరానికి చెందినది. ఆయన బొమ్మల ద్వారా గోదావరి గీత అచ్చు పత్రికలలో, పుస్తకాల అట్టలపై తెలుగు ఇళ్లన్నింటికీ చేరింది. కాలక్రమంలో మండపేట వంటి డెల్టా పట్టణాల్లో దుకాణాల బోర్డులు రాసే కుంచె కళాకారుల పనిని ఫ్లెక్సీ ముద్రణ చాలామేరకు ఆక్రమించింది. అందువల్ల చేతి గీతను యంత్రంలో ఎంతవరకు నిలపగలమన్న ప్రశ్న ఈ ప్రాంతానికి సాంకేతిక విషయం మాత్రమే కాదు, జీవనోపాధికి కూడా సంబంధించినది.

3. యంత్రం గీసిన గీత

1963లో ఐవాన్ సదర్లాండ్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రూపొందించిన ‘స్కెచ్‌ప్యాడ్’ తెరపై కాంతికలంతో గీసే వీలు కల్పించింది. అయితే దాని లక్ష్యం ఇంజనీరింగు చిత్రణ. చేతి వంకరలను సరిదిద్ది కచ్చితమైన సరళరేఖలుగా, వృత్తాలుగా మార్చడమే దాని ఘనత. అంటే, కంప్యూటరు తొలినాళ్లలో చేతి జాడను తొలగించే సాధనంగా పనిచేసింది. 1984లో వచ్చిన ‘మాక్‌పెయింట్’లో పెన్సిలు పేరుతో ఒక పరికరం ఉన్నా, అది ఒకే చుక్క మందంతో మాత్రమే గీత గీసేది. ఒత్తిడికి తగిన ఛాయాభేదం అందులో లేదు.

1986లో స్టీవ్ స్ట్రాస్‌మన్ ‘హెయిరీ బ్రషెస్’ అనే పరిశోధనపత్రంలో కుంచెను అనేక వెంట్రుకల సమూహంగా భావించి, ఒత్తిడిని బట్టి వాటి ప్రవర్తనను గణించారు. గీత ఆకారానికి బదులు సాధనం స్వభావాన్ని నమూనాగా తీసుకోవడం ఇందులోని ముఖ్యమైన మలుపు.

4. పెన్సిలు స్వభావ నిరూపణ

1991లో విడుదలైన ‘పెయింటర్’ సాఫ్ట్‌వేరు కాగితపు గరుకుదనాన్ని గీతలో భాగం చేసింది. 1990ల చివర మారియో కోస్టా సౌసా, జాన్ బుకానన్ పెన్సిలు ములుకులోని గ్రాఫైటు, బంకమన్ను, మైనం పాళ్లను, కాగితపు ఎత్తుపల్లాలను పరిగణించి నమూనాలు రూపొందించారు. 1795లో ఫ్రాన్సులో కోంటే గ్రాఫైటులో బంకమన్ను కలిపి సాధించిన మెత్తదనపు తేడాలు రెండు శతాబ్దాల తర్వాత సమీకరణాలయ్యాయి.

నేటి డిజిటల్ కుంచెలో ఒక చిన్న ముద్ర అతి దగ్గరగా వరుసగా పడుతూ రేఖగా కనిపిస్తుంది. కలం ఒత్తిడి పెరిగితే ముద్ర చిక్కబడుతుంది. కలం వాలితే వెడల్పవుతుంది. కాగితపు గరుకును సూచించే చిత్రం దానికి అడ్డుపడి, పల్లపు చోట్ల తెల్లదనాన్ని మిగులుస్తుంది. ముద్రల పరిమాణంలో, స్థానంలో కొద్దిపాటి క్రమరాహిత్యం కల్పిస్తేనే కంటికి సహజత్వం కలుగుతుంది. ఒకనాడు స్కెచ్‌ప్యాడ్ తొలగించిన అపసవ్యతను ఈ విధంగా బుద్ధిపూర్వకంగా తిరిగి చేర్చవలసి వచ్చింది.

5. ఫాంటు - కుంచె

బాపు చేతిరాత తెలుగు ఫాంటుగా రూపొందింది. సాధారణంగా ఫాంటులో ఒక అక్షరం ఎన్నిసార్లు వచ్చినా ఒకే ఆకృతిలో వస్తుంది. చేతిరాతలో ఏ రెండు అక్షరాలూ ఒకటి కావు. ఫాంటు చేతిపని ఫలితాన్ని భద్రపరిస్తే, డిజిటల్ కుంచె ఆ పని జరిగే పరిస్థితులను కల్పిస్తుంది. ఒక చిత్తుచిత్రం నుంచి గ్రాఫైటు మచ్చను, కాగితపు గరుకును స్కాన్ చేసి కుంచెగా మలచవచ్చు. దానితో గీసినంత మాత్రాన ఆ గీత రామారావుది కాదు. వేగం, ఒత్తిడి, ఆగిన చోటు, వదిలిన చోటు గీసే చేతికే చెందుతాయి.

6. ముగింపు

ఈ పరిశీలన వల్ల రెండు కర్తవ్యాలు తేలుతున్నాయి. డిజిటల్ అనుకరణలు లభిస్తున్నాయన్న కారణంతో మూల చిత్తుచిత్రాల సంరక్షణను ఉపేక్షించరాదు. కాగితంపై గ్రాఫైటు మిగిల్చిన గాడి కూడా చారిత్రకాధారమే. ఇక రామారావు హస్తచలనాన్ని నమోదు చేసే అవకాశం ఏనాడూ లేదు. నేటి కళాకారుల విషయంలో ఆ అవకాశం ఉంది. ఒత్తిడిని, వాలును, వేగాన్ని గుర్తించే పలకలపై డెల్టా పట్టణాల వృత్తి కళాకారుల చేత గీయించి, ఆ వివరాలను వారి అనుమతితో, వారి పేరిట భద్రపరచడం విశ్వవిద్యాలయాల లలితకళా శాఖలు చేపట్టదగిన పని. ఆ చేతులు కుంచె పడుతున్నప్పుడే అది జరగాలి.