ఇంగ్లీషు పంతులు సెలవులు: దత్తమండలాల నుంచి కొరియా దాకా

అనంతపురం జిల్లా ఉత్తరపు అంచున, బళ్ళారికీ గుంతకల్లుకూ నడుమనున్న విడపనకల్లు ప్రాంతంలో బడికి పెద్ద సెలవులు ఎండలను బట్టి ఏర్పడ్డాయి. దక్షిణ కొరియాలో ఆ నిర్ణయం చలి చేతిలో ఉంది. ఇంగ్లీషు చెప్పడమే వృత్తిగా పరాయి నేలకు చేరిన ఉపాధ్యాయులు ఆ సెలవులను ఎక్కడ గడిపారన్న ప్రశ్న పైకి చిన్నదిగానే కనిపిస్తుంది గానీ, దాని వెంట వెళితే వలస పాలన, మత ప్రచారం, రైలు, విమానం, ఉద్యోగ ఒప్పందం, చివరికి పాస్‌పోర్టు అన్నీ ఒకే వరుసలో ఎదురవుతాయి. సెలవు ఎప్పుడన్నది వాతావరణం తేల్చినా, ఆ సెలవులో ఎంత దూరం పోవచ్చునన్నది మాత్రం ప్రతి కాలంలోనూ ఆ ఉపాధ్యాయుడు ఏ దేశపు మనిషి అన్నదాని మీదనే ఆధారపడింది.

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసినందువల్ల దత్తమండలాలు అని పేరుపడిన భూభాగంలో విడపనకల్లు పరిసరాలు బళ్ళారి జిల్లా కిందికి వచ్చాయి. 1882లో బళ్ళారిని చీల్చి అనంతపురాన్ని వేరు జిల్లాగా చేసినప్పుడు గుత్తి తాలూకాతో పాటు ఉరవకొండ ప్రాంతం కొత్త జిల్లాలో చేరింది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డగించగా, ఈశాన్య ఋతుపవనం తీరప్రాంతంలోనే చాలావరకు కురిసిపోగా మిగిలిన వానే ఈ పీఠభూమికి దక్కుతుంది కాబట్టి, జిల్లా సగటు వర్షపాతం ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటి వడగాడ్పు వీచే ఈ నేలలో డిసెంబరు, జనవరి మాసాలే ఏడాదిలో మనిషికి హాయి గొలిపే రోజులు. నల్లరేగడి చేలల్లో పప్పుశనగ కాయ కట్టి కోతకు వచ్చేదీ ఆ రోజుల్లోనే. చలికాలంలో ఊరు విడిచి సుఖం వెతుక్కోవలసిన అవసరం, కనీసం వాతావరణం వల్ల, ఇక్కడ ఎవరికీ లేదు.

ఈ ప్రాంతానికి ఇంగ్లీషు చదువు బళ్ళారి మీదుగా వచ్చింది. లండన్ మిషనరీ సొసైటీకి చెందిన జాన్ హ్యాండ్స్ 1810లో బళ్ళారిలో స్థావరం ఏర్పరచగా, అదే సంస్థకు చెందిన జాన్ స్మిత్ వార్డ్‌లా పేరుతో 1846లో మొదలైన పాఠశాల తర్వాతి కాలంలో కళాశాల స్థాయికి ఎదిగి, తెలుగు, కన్నడ కుటుంబాల పిల్లలను ఇంగ్లీషు చదువు మెట్టెక్కించింది. అక్కడ పాఠం చెప్పిన దొరలకు స్వదేశం వెళ్లే సెలవు వారాల లెక్కలో దొరికేది కాదు. ఫర్లో అని పిలిచే ఆ దీర్ఘకాలపు సెలవు కొన్నేళ్ల కొలువు పూర్తయ్యాక వచ్చేది, వస్తే నెలల తరబడి ఉండేది. 1869లో సూయజ్ కాలువ తెరిచి ఓడ ప్రయాణం కుదించాక కూడా ఇంగ్లండుకు పోయి రావడం ఒక్క ఋతువులో తేలే పని కాలేదు. అందువల్ల ఏటా వచ్చే సెలవుకు కొండలే గతి అయ్యాయి. బళ్ళారిలోని ఇంగ్లీషు సైనికులు కోలుకోవడానికని సండూరు సంస్థానంలో మూడు వేల అడుగులకు పైబడిన ఎత్తున ఉన్న రామనదుర్గంలో పందొమ్మిదో శతాబ్ది నడుమ ఆరోగ్యకేంద్రం వెలిసింది. ఉదకమండలం సంగతి అందరికీ తెలిసినదే. 1870 నుంచి మద్రాసు ప్రభుత్వమే వేసవిలో అక్కడికి కదిలిపోయేది. 1845లో మధుర నుంచి వచ్చిన అమెరికన్ మిషనరీలు ఇళ్లు కట్టుకున్న కోడైకెనాల్, దక్షిణాదిలో బడి నడిపే మిషనరీ కుటుంబాలకు ఏప్రిల్, మే మాసాల విడిదిగా స్థిరపడింది. ఇవన్నీ వేసవి ప్రయాణాలు. వాటిలో చలికాలపు ప్రయాణం ఊసే లేదు.

అయితే చలికాలంలో ఒక సెలవు ఉండనే ఉంది: క్రిస్మసు వారం. కచేరీలు, కోర్టులు, ఇంగ్లీషు బడులు డిసెంబరు చివరి వారంలో మూతపడేవి. పాలకులు తమ పండుగ కోసం పెట్టుకున్న ఈ విరామాన్ని ఇంగ్లీషు చదివిన భారతీయులు పూర్తిగా మరో పనికి మళ్లించారు. 1885 డిసెంబరు 28న బొంబాయిలో 72 మంది ప్రతినిధులతో మొదటి కాంగ్రెసు మహాసభ కూడిందంటే, ఆ తేదీ ఎంపిక వెనుక ఉన్నది న్యాయవాదులకూ విద్యావంతులకూ ఆ వారంలోనే తీరిక దొరకడం. గుత్తిలో ప్లీడరుగా ఉండిన కేశవపిళ్లై ఆ సభలో పాల్గొన్నాడు. గుత్తి నుంచి బొంబాయికి వెళ్లగలగడం కూడా అప్పటికి కొత్తగా సాధ్యమైన పనే. మద్రాసు నుంచి వచ్చిన రైలుమార్గం 1871లో రాయచూరు దగ్గర బొంబాయి వైపు మార్గంతో కలిసింది, ఆ దారి మీదనే గుంతకల్లు పెద్ద జంక్షనుగా పెరిగింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు కాంగ్రెసు మహాసభలు, సంస్కరణ సభలు, అడయారులో దివ్యజ్ఞాన సమాజపు వార్షిక సమావేశాలు ఇదే కాలంలో జరుగుతూ వచ్చాయి. దొరగారి సెలవు చల్లదనం కోసం, ఆయన శిష్యుల సెలవు సభల కోసం అన్న ఈ తేడాను విద్యా చరిత్రకారులు తగినంత పట్టించుకోలేదనే అనాలి. జాతీయోద్యమపు తొలి దశ చాలావరకు కోర్టుల, బడుల సెలవు పట్టికలో ఇమిడిన ఉద్యమం.

విడపనకల్లు చుట్టుపక్కల పల్లెల్లో చలికాలపు ప్రయాణానికి ఇంకొక రూపం కూడా ఉంది, దానికి సెలవుతో సంబంధం లేదు. ఖరీఫు పంట చేతికి రాని ఏడు, కూలీ కుటుంబాలు పంట దండిగా ఉన్న సీమలకు మూటాముల్లె సర్దుకుని పోవడాన్ని కర్నూలు పడమటి తాలూకాల్లోనూ వాటిని ఆనుకుని ఉన్న అనంతపురం పల్లెల్లోనూ సుగ్గికి పోవడం అంటారు. కన్నడంలోనూ కోతకాలాన్ని సూచించే ఈ మాట సరిహద్దు బతుకులో సహజంగా కలిసిపోయింది. గుంటూరు వైపు మిరపకోతలు, పత్తి తీతలు సాగే ఆ నెలల్లో బడిపిల్లలు కూడా తల్లిదండ్రుల వెంట వెళ్లిపోవడంతో హాజరు పడిపోతుంది. దాన్ని ఆపడానికి వలస వెళ్లిన వారి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా సీజనల్ హాస్టళ్లు అనే తాత్కాలిక వసతి గృహాలను విద్యాశాఖ నడపవలసి వచ్చింది.

కొరియాలో ఇంగ్లీషు పాఠం మొదలైన కథ కూడా దాదాపు అదే కాలానిది. అనంతపురం వేరు జిల్లాగా ఏర్పడిన 1882లోనే కొరియా రాజ్యం అమెరికాతో సంధి చేసుకుని, మరుసటి ఏడు దుబాసీల తయారీకి ఇంగ్లీషు బడి తెరిచింది. 1886లో రాజు కొజోంగ్ నెలకొల్పిన రాచబడిలో ఉన్నత వంశాల కుమారులకు పాఠాలు చెప్పడానికి హోమర్ హల్బర్ట్, జార్జ్ గిల్మోర్, డాల్జెల్ బంకర్ అనే ముగ్గురు అమెరికన్లు వచ్చారు. అపెన్‌జెల్లర్ 1885లో మొదలుపెట్టిన పైచై, మేరీ స్క్రాంటన్ 1886లో ప్రారంభించిన ఇహ్వా మిషనరీ విద్యాలయాలుగా వేళ్లూనాయి. విశేషమేమంటే, కొరియా చలికి పేరుమోసిన దేశమైనా అక్కడి మిషనరీ ఉపాధ్యాయుల విహారం చలికాలపుది కాదు. వానలు, ఉక్క, విరేచనాల జబ్బులు ముసిరే జూలై, ఆగస్టుల్లో వారు పశ్చిమ తీరంలోని సొరై తీరానికీ, తూర్పు తీరాన వొన్సాన్‌కూ పోయేవారు. దక్షిణాన చొల్లా ప్రాంతపు మిషనరీలు 1920ల్లో జిరిసాన్ పర్వతంపై 1,500 మీటర్ల ఎత్తులోని నొగొదాన్‌లో రాతి ఇళ్లు కట్టుకున్నారు. దక్షిణాది మిషనరీలకు కోడైకెనాల్ ఎలాగో వారికి నొగొదాన్ అలాగ. రెండు చోట్లా తెల్లవారి సెలవు వేసవిదే, రెండు చోట్లా అది ఉద్యోగపు దేశం ఎల్లలు దాటలేదు.

రాయలసీమ నుంచి తూర్పు ఆసియాకు ఇంగ్లీషు చెప్పడానికి పోయిన వారిలో ఐర్లండు కవి జేమ్స్ కజిన్స్ ముఖ్యుడు. అనీబిసెంటు పత్రిక కొలువు పోగొట్టుకున్నాక మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో ఇంగ్లీషు బోధించిన ఆయన, రవీంద్రుడు మదనపల్లెలో ఉండి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చిన 1919లోనే, టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఆధునిక ఇంగ్లీషు కవిత్వం చెప్పడానికి జపాన్ వెళ్లాడు. కొరియా అప్పటికి జపాను ఏలుబడిలో ఉంది. ఆ ఏడాది మార్చి 1న అక్కడ స్వాతంత్ర్య ప్రదర్శనలు పెల్లుబికాయి. కజిన్స్ ప్రయాణాన్ని విహారమనలేము, కానీ మదనపల్లెలో పాఠం చెప్పిన మనిషి టోక్యోలో పాఠం చెప్పగలగడానికి ఆయన ఇంగ్లీషు ఎంత కారణమో, ఆయన పుట్టుక కూడా అంతే కారణం.

విదేశాల్లో గడిపే చలికాలపు సెలవు అనే ఆచారం కొరియాలో రూపుదిద్దుకున్నది చాలా ఆలస్యంగా, నాలుగు మార్పులు ఒకదానిపై ఒకటి పడ్డాక. మొదటిది బడి పంచాంగం: 1960ల తొలినాళ్ల నుంచి అక్కడ విద్యా సంవత్సరం మార్చిలో మొదలవుతుంది, జూలై చివర చిన్న సెలవు, డిసెంబరు చివరి నుంచి పెద్ద సెలవు వస్తాయి. సియోల్‌లో జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉండే వాతావరణంలో తరగతి గదులను వెచ్చగా ఉంచడం ఖర్చుతో కూడిన పని. పాత పద్ధతిలో ఫిబ్రవరిలో కొన్ని రోజులు బడి తెరిచి పట్టభద్రోత్సవం జరిపి మళ్లీ మూసేవారు. ఇప్పుడు అనేక పాఠశాలలు జనవరి మొదట్లోనే సంవత్సరం ముగించి మార్చి వరకూ తలుపులు మూస్తున్నాయి. 1966 నుంచి 1981 వరకు అమెరికా పీస్ కోర్ స్వచ్ఛంద సేవకులు కొరియా బడుల్లో ఇంగ్లీషు చెప్పారు గానీ, వారి భత్యం చిన్నది, అప్పటి కొరియా ఇంకా సాధారణ పౌరులను విహారానికి పరదేశం పంపని దేశం. రెండో మార్పు, విదేశీ ప్రయాణంపై ఆంక్షలు 1989 జనవరిలో పూర్తిగా తొలగడం. మూడోది, ఆ తర్వాతనే సియోల్ నుంచి ఆగ్నేయాసియాకు విహార విమానాల రద్దీ పెరగడం.

ఇక నాలుగోది ఉద్యోగపు ఒప్పందం. ప్రభుత్వ బడుల్లో విదేశీ ఇంగ్లీషు ఉపాధ్యాయులను నియమించే ఈపిక్ పథకం 1995లో మొదలైంది. 1997 నుంచి ఇంగ్లీషు మూడో తరగతిలోనే పాఠ్యాంశమైంది. బడికి సెలవన్నంత మాత్రాన ఈ ఉపాధ్యాయుడికి సెలవు కాదు. ఒప్పందంలో రాసుకున్న దినాలే, ఇటీవలి కాలంలో ఏడాదికి 26 పనిదినాలు, అతనివి. తక్కినవాటిలో పిల్లలకు ఇంగ్లీషు శిబిరాలు నడపాలి, శిబిరం లేకపోతే ఒక్క విద్యార్థీ లేని బడిలో బల్ల ముందు కూర్చుని సాయంత్రం చేయాలి. హాగ్వన్లు అని పిలిచే ప్రైవేటు శిక్షణాలయాల్లో పరిస్థితి ఇంకా కఠినం, ఎందుకంటే బడులు మూసిన జనవరిలోనే వాటికి ప్రత్యేక తరగతుల గిరాకీ. ఉన్న ఆ రెండు మూడు వారాలను ఉపాధ్యాయులు ఎక్కువగా థాయ్‌లాండ్, వియత్నాం, కంబోడియా, ఫిలిప్పీన్స్ తీరాల్లో గడపడానికి కారణం సులభంగానే బోధపడుతుంది: కొరియాలో నీళ్లు గడ్డకట్టే జనవరిలో ఆగ్నేయాసియాలో చాలాచోట్ల వానలు వెనుకబడి పొడి ఎండ కాస్తుంటుంది. కోడైకెనాల్ చల్లదనం వెతికిన పూర్వపు పంతులుకు ఇది సరిగ్గా తలకిందులు.

ఇంతవరకూ చెప్పిన ఉపాధ్యాయుడు ఎవరన్నది వీసా నిబంధనలే చెబుతాయి. భాషా బోధకులకు కొరియా ఇచ్చే ఈ-2 వీసా ఇంగ్లీషు విషయంలో అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా అనే ఏడు దేశాల వారికే పరిమితమై ఉండేది. రెండు శతాబ్దాలుగా ఇంగ్లీషు నేర్చి, 1958లో హైదరాబాదులో కేంద్ర ఇంగ్లీషు సంస్థను నెలకొల్పి ఉపాధ్యాయులను తయారుచేస్తున్న దేశానికి ఆ జాబితాలో చోటు లేకపోవడం భాషా సామర్థ్యానికి సంబంధించిన తీర్పు కాదు, పుట్టుకకు సంబంధించిన తీర్పు. 2009 ఆగస్టులో సియోల్‌లో సంతకాలై 2010 జనవరి 1న అమలులోకి వచ్చిన భారత-కొరియా సమగ్ర ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం ఈ తలుపును కొంచెం తెరిచింది: ఉపాధ్యాయ అర్హతా పత్రం ఉన్న భారతీయులు ఇంగ్లీషు సహాయ ఉపాధ్యాయులుగా పనిచేయవచ్చునని అందులో అంగీకరించారు. ఏడు దేశాల వారికి పట్టా ఉంటే సరిపోయే చోట భారతీయుడు పట్టాతో పాటు ఉపాధ్యాయ శిక్షణ కూడా చూపాలి. అది మంచి నియమమే, అందరికీ వర్తించి ఉంటే.

కొరియా పెద్ద సెలవు పాత పద్ధతిలోనైనా కొత్త పద్ధతిలోనైనా జనవరి నడుమ సాగుతూనే ఉంటుంది కాబట్టి అందులో సంక్రాంతి తప్పకుండా పడుతుంది. అనంతపురం వైపు నుంచి ఆ ఒప్పందం కింద కొరియా వెళ్లిన ఉపాధ్యాయుడికి చలికాలపు సెలవులో ఉద్యోగదేశం దాటడమంటే విహారానికంటే ముందు ఇంటికి రావడమే, అదీ సొంతూళ్లో ఏడాదంతటిలోనూ మంచి వాతావరణం ఉన్న రోజుల్లో; 2008లో దేవనహళ్లి విమానాశ్రయం తెరిచాక ఉరవకొండ, విడపనకల్లు వైపు వారికి బెంగుళూరే దగ్గరి దారి అయింది. మార్గమధ్యంలో థాయ్‌లాండులోనో వియత్నాంలోనో నాలుగు రోజులు ఆగాలనుకుంటే మాత్రం లెక్క మారుతుంది. నమోదైన విదేశీయులు సెలవుకు బయటికి వెళ్లేముందు తిరుగు ప్రవేశానికి అనుమతి పత్రం తీసుకోవాలన్న నిబంధనను కొరియా 2010 చివరలో, ఏడాది లోపు తిరిగి వచ్చేవారి విషయంలో సడలించింది. ఆ సడలింపు భారతీయుడికీ అమెరికనుకూ సమానంగానే అందింది. కానీ మూడో దేశపు గడప దగ్గర అమెరికను పాస్‌పోర్టు చూపి నడిచిపోయే చాలా చోట్ల భారతీయుడు వీసా దరఖాస్తు, బ్యాంకు నిల్వ పత్రం, తిరుగు టికెట్టు ముందుగా సిద్ధం చేసుకోవాలి. కొరియాలో చట్టబద్ధమైన కొలువు, నివాసపు కార్డు ఉన్నప్పటికీ జపానుకు పోవాలంటే అతనికి విడిగా వీసా కావలసిందే. థాయ్‌లాండ్ భారతీయులకు వీసా లేని ప్రవేశం అమలులోకి తెచ్చినది 2023 నవంబరులో, ఆ ఏటి చలికాలపు సెలవులకు కొన్ని వారాల ముందు.