తపాలా పాఠం, కారాగార విద్యార్థి: అమెరికాలో కరస్పాండెన్స్ కళాశాల విద్య ఒక పరిశీలన

అధ్యాపకుడూ విద్యార్థీ ఒకరినొకరు చూడకుండానే పాఠాలు, అభ్యాసపత్రాలు, పరీక్షలు తపాలా ద్వారా ఇచ్చిపుచ్చుకొనే కరస్పాండెన్స్ విద్య అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దం చివరి పాదంలో వేళ్ళూనుకుంది. 1873లో బోస్టన్‌లో ఆనా టిక్నర్ ఇంటిపట్టున చదువుకొనే స్త్రీల కోసం ఒక సంఘాన్ని స్థాపించగా, 1892లో షికాగో విశ్వవిద్యాలయపు తొలి అధ్యక్షుడు విలియం రైనీ హార్పర్ ఈ పద్ధతికి విశ్వవిద్యాలయంలోనే చోటు కల్పించాడు. ఊరు విడిచి రాలేనివారికి, ఉద్యోగం మానుకోలేనివారికి ఆసరాగా నిలిచిన ఈ చదువు వారంతా ఇంటర్నెట్ పాఠాలకు మళ్ళాక క్రమంగా వెనకపట్టు పట్టింది. అనేక విశ్వవిద్యాలయాలు అచ్చు పాఠాల విభాగాలను మూసివేశాయి లేదా ఆన్‌లైన్‌కు మార్చివేశాయి. కారాగారంలో ఉన్నవారు మాత్రం ఆ మార్పు వెంట వెళ్ళలేకపోయారు. వారికి ఇంటర్నెట్ అందుబాటులో ఉండదు, ఉన్నచోట కూడా అది కట్టుదిట్టమైన నియంత్రణలో ఉంటుంది. ఖైదీకి కళాశాల చదువు అందకపోవడానికి కోర్సుల కొరతను మించిన కారణం, అతని స్థితికి సరిపడే బోధనా రూపాన్ని చట్టం తక్కువరకం చదువుగా లెక్కకట్టడమేనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

ఈ చిన్నచూపునకు చారిత్రక నేపథ్యం ఉంది. పేద విద్యార్థులకు ప్రభుత్వం తిరిగి చెల్లించనక్కరలేని విధంగా ఇచ్చే ఆర్థిక సహాయానికి 1972లో చట్టరూపం వచ్చింది. రోడ్ ఐలండ్ సెనేటర్ క్లెయిబోర్న్ పెల్ పేరిట అది 1980 నుంచి పెల్ గ్రాంటుగా ప్రసిద్ధమైంది. ఖైదీలు కూడా ఇతర పేద విద్యార్థులలాగే దానికి అర్హులు కావడంతో తరువాతి రెండు దశాబ్దాలలో కారాగారాలలో కళాశాల తరగతులు విస్తరించాయి. 1992లో మరణశిక్ష పడినవారిని, విడుదలకు అవకాశం లేని యావజ్జీవ ఖైదీలను ఈ సహాయం నుంచి తప్పించారు. 1994 సెప్టెంబరులో అధ్యక్షుడు బిల్ క్లింటన్ సంతకం చేసిన నేర నియంత్రణ చట్టం రాష్ట్ర, ఫెడరల్ కారాగారాలలోని ఖైదీలందరినీ అనర్హులను చేసింది. అంతకు ముందు విద్యాసంవత్సరంలో గ్రాంటు పొందిన సుమారు 40 లక్షల మందిలో ఖైదీలు దాదాపు 23,000 మంది మాత్రమే కాగా, వారికి చేరిన మొత్తం ఆ పథకం వ్యయంలో ఒక శాతానికి కూడా తక్కువ. బయటి పేద విద్యార్థుల డబ్బు ఖైదీల పాలవుతున్నదన్న వాదన సభలో నెగ్గింది గాని, అర్హులైన ప్రతి విద్యార్థికీ సహాయం అందే ఆ పథకంలో ఖైదీకి ఇవ్వడం వల్ల మరొకరి వాటా కోతపడే పరిస్థితి ఎన్నడూ లేదు. కారాగారంలోకి వచ్చి పాఠం చెప్పే కళాశాలలు ఒక్కొక్కటిగా తప్పుకున్నాక, కుటుంబం పంపే డబ్బుతో తపాలాలో చదువుకోవడమే చాలామందికి మిగిలిన దారి అయింది.

ఆ దారి కూడా 1992లోనే ఇరుకైంది. ప్రభుత్వ సహాయం మీద కన్నువేసి నాణ్యత లేని కోర్సులు అమ్మిన వృత్తి విద్యాసంస్థలను అదుపు చేసేందుకు, మొత్తం కోర్సులలో సగానికి మించి కరస్పాండెన్స్ కోర్సులున్న సంస్థ గాని, సగం లేదా అంతకు మించి కరస్పాండెన్స్ విద్యార్థులున్న సంస్థ గాని ఫెడరల్ విద్యార్థి సహాయానికి అర్హం కాదని ఆ ఏడాది చట్టసవరణ నిర్దేశించింది. నిబంధనల ప్రకారం కరస్పాండెన్స్ కోర్సును దూరవిద్యగా పరిగణించరు. అధ్యాపకుడు క్రమం తప్పకుండా, విషయం లోతుకు వెళ్ళి విద్యార్థితో సంభాషిస్తే అది దూరవిద్య. ఆ సంభాషణ పరిమితంగా ఉండి, ఎక్కువగా విద్యార్థే చొరవ తీసుకోవలసివస్తే అది కరస్పాండెన్స్. పూర్తిగా ఈ రెండవ పద్ధతిలో చదివే విద్యార్థి ఎన్ని కోర్సులు తీసుకున్నా సహాయం లెక్కింపులో అతనిని సగకాలపు విద్యార్థికి మించి గుర్తించరు. మోసగాళ్ళను అరికట్టడం అవసరమే. అయితే అభ్యాసపత్రం అంచుల నిండా వ్యాఖ్యలు రాసి పంపే అధ్యాపకుని శ్రమను, మార్కు మాత్రమే వేసి తిప్పిపంపే సంస్థ నిర్లక్ష్యాన్ని ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. ఉత్తరం ద్వారా క్రమబద్ధమైన, లోతైన బోధన సాధ్యమేనన్న సంగతి నిబంధనలు రాసినవారి దృష్టికి ఆనలేదు.

ఇక కోర్సును వెదకడం ఎలాగన్నది ప్రశ్న. బయటివారు నిమిషాలలో చేసే ఈ పని కారాగారంలో నెలలు పట్టవచ్చు. సాధారణంగా తల్లిదండ్రులో, జీవిత భాగస్వామో, స్వచ్ఛంద కార్యకర్తలో ఖైదీ తరఫున వివరాలు సేకరించి ఉత్తరంలో రాసి పంపుతారు. స్వయంగా ఖైదీగా ఉంటూ కళాశాల పట్టాలు సాధించిన జాన్ మార్క్ టేలర్ అమెరికా, కెనడాలలోని కరస్పాండెన్స్ కోర్సులపై ఒక చేతిపుస్తకాన్ని రూపొందించగా, దాని మూడవ ముద్రణ 2009లో వెలువడింది. అటువంటి పుస్తకం తోటి ఖైదీ కలం నుంచి రావడమే, ఆ సమాచారాన్ని అందించవలసిన వ్యవస్థ ఏదీ లేదనడానికి నిదర్శనం. ఈనాడు అచ్చు పాఠాలతో పట్టా వరకు చదివే అవకాశమిచ్చిన సంస్థలుగా కొలరాడోలోని ఆడమ్స్ స్టేట్ విశ్వవిద్యాలయం, ఒహాయో విశ్వవిద్యాలయం తరచుగా ప్రస్తావనకు వస్తాయి. వెదికేవారు మొదట చూడవలసింది సంస్థకు గుర్తింపు ఉన్నదా అన్న విషయం, అంటే దాని బోధనను పరిశీలించి ఆమోదించే మండలికి ప్రభుత్వ ఆమోదం ఉన్నదా అన్నది. గుర్తింపు లేని సంస్థ పట్టా గోడకు తగిలించుకోవడానికే తప్ప ఉద్యోగానికో పైచదువుకో అక్కరకు రాదు. గుర్తింపు ఉన్నా ఒక సంస్థలో గడించిన క్రెడిట్లను, అనగా కోర్సు భారాన్ని కొలిచే యూనిట్లను, మరొక సంస్థ అంగీకరిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం మేలు. దూరవిద్య అని ప్రకటించుకున్న కోర్సులో ఒక్క అభ్యాసం ఆన్‌లైన్‌లో సమర్పించవలసి ఉన్నా ఖైదీకి అది పనికిరాదు గనుక, ఆ ప్రశ్నకు జవాబు డబ్బు కట్టకముందే రాబట్టాలి.

పేరు నమోదైన తరువాత ఒక కోర్సు గడిచే తీరును దగ్గరగా గమనిస్తే చట్టంలో కనిపించని అడ్డంకులు తెలుస్తాయి. పాఠ్యపుస్తకం గట్టి అట్టతో ఉంటే ప్రచురణకర్త, పుస్తక సంఘం లేదా పుస్తక దుకాణం నుంచి నేరుగా వస్తేనే అనుమతించే నియమాన్ని 1979లో బెల్ వర్సెస్ వుల్ఫిష్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. కాబట్టి ఇంట్లో ఉన్న పాత పుస్తకాన్ని తల్లి పార్సిల్ చేస్తే అది తిరుగు టపాలో వెళ్ళిపోయే అవకాశమే ఎక్కువ. పరీక్షపత్రం విద్యార్థి చేతికి రాదు. అది కారాగార విద్యాధికారికి చేరి, అతను నిర్ణయించిన రోజున అతని సమక్షంలో రాసిన జవాబులు మరో కవరులో సీలు పడి విశ్వవిద్యాలయానికి వెళతాయి. ఆ రోజున కారాగారమంతా గదులకు తాళాలు వేసి ఉంచితే పరీక్ష వాయిదా పడుతుంది. విద్యాధికారి సెలవులో ఉన్నా అంతే. మధ్యలో ఖైదీని మరొక కారాగారానికి బదిలీ చేస్తే పుస్తకాలు వెనకాల ఎప్పుడో వస్తాయి, కొత్తచోటి విద్యాధికారి ఈ కోర్సును గుర్తించవలసిన పని మళ్ళీ మొదటికొస్తుంది. అందువల్ల సిలబస్‌ను ఎంత శ్రద్ధగా చూస్తారో గడువు పొడిగింపు నియమాలను అంతే శ్రద్ధగా చూడాలి.

ఖర్చు మరొక గోడ. ఫెడరల్ కారాగార పరిశ్రమలలో గంటకు 23 సెంట్ల నుంచి ఒక డాలరు 15 సెంట్ల వరకు కూలి ఉండగా, టెక్సస్, జార్జియా వంటి రాష్ట్రాలలో చాలా పనులకు కూలే లేదు. 2020 డిసెంబరులో కాంగ్రెస్ ఆమోదించిన చట్టం ప్రకారం 2023 జులై 1 నుంచి ఖైదీలకు పెల్ గ్రాంటు తిరిగి లభిస్తున్నది. దీని వెనుక 2015లో మొదలైన ప్రయోగాత్మక పథకం అనుభవం ఉంది. ఇది హర్షించదగిన మలుపే. అయితే గ్రాంటు వర్తించేది ఆమోదం పొందిన కారాగార విద్యా కార్యక్రమాలకే. అవి ప్రభుత్వ సంస్థలో లాభాపేక్ష లేని సంస్థలో నడపాలి, కారాగార శాఖ అంగీకరించాలి. తానున్న చోట అటువంటి కార్యక్రమం లేని ఖైదీ, తనంతట తాను ఒక కరస్పాండెన్స్ కోర్సులో చేరితే సహాయం రాదు. మారుమూల కారాగారంలో ఒంటరిగా చదువుకొనేవారే ఈ విధంగా చట్టం వెలుపల ఉండిపోయారు.

కారాగార విద్యలో పాల్గొన్నవారు తిరిగి నేరానికి పాల్పడే అవకాశాల నిష్పత్తి పాల్గొననివారితో పోల్చితే 43 శాతం తక్కువని రాండ్ సంస్థ 2013లో వెలువరించిన విశ్లేషణ చెప్పింది. ఈ అంకెను కరస్పాండెన్స్ చదువుకు నేరుగా అన్వయించకూడదు. అక్షరాస్యత మొదలు వృత్తివిద్య, కళాశాల వరకు అన్ని స్థాయిలనూ కలిపి తీసిన ఫలితమది. అంతేగాక మళ్ళీ జైలుకు రాకపోవడమే చదువుకు ఏకైక కొలమానమైతే, ఎన్నటికీ విడుదల కాని మనిషి చదువుకు విలువే లేదనవలసివస్తుంది. ఆ ముగింపును విద్యను నమ్మేవారెవరూ అంగీకరించలేరు.

భారతదేశంలో ఈ సమస్య స్వరూపం వేరు. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా హైదరాబాదులో ఏర్పడి 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పొందిన సంస్థ, 1985లో ఏర్పడిన ఇగ్నో, రెండూ అచ్చు పాఠాల పునాది మీదే నిలిచాయి; ఇక్కడ ఆ రూపాన్ని తక్కువగా చూసే చట్టం లేదు. ఇగ్నో ఖైదీలకు ఫీజు మినహాయింపు ఇచ్చింది, చర్లపల్లి కేంద్ర కారాగారంలో అంబేద్కర్ విశ్వవిద్యాలయ అధ్యయన కేంద్రం నడిచింది. అమెరికా ఖైదీ ఎదుర్కొనే ఖర్చు, గుర్తింపు చిక్కులు ఇక్కడ చాలావరకు తొలగినా, కాలవ్యవధి చిక్కు మరింత తీవ్రంగా ఉంది. 2022 జాతీయ గణాంకాల ప్రకారం దేశంలోని 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే నేరం ఇంకా రుజువు కానివారు. రేపు బెయిలు వస్తుందో, రెండేళ్ళు పడుతుందో తెలియని మనిషి మూడేళ్ళ డిగ్రీలో చేరడానికి వెనుకాడతాడు. ఒక ఏడాది చదువుకు సర్టిఫికెట్, రెండేళ్ళకు డిప్లొమా ఇచ్చి మధ్యలో ఆగినవారు మళ్ళీ కొనసాగేలా 2020 జాతీయ విద్యావిధానం చేసిన ఏర్పాటు ఇటువంటి విద్యార్థికి చక్కగా అతుకుతుంది. కానీ ఆ క్రెడిట్లను భద్రపరిచే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌లో ఖాతా తెరవాలంటే ఇంటర్నెట్, ఫోనుకు వచ్చే ఓటీపీ కావాలి; ఆ రెండూ లేని ఖైదీ పేరిట ఖాతా తెరిచి, బెయిలుపై వెళ్ళేరోజున దాని వివరాలు చేతికిచ్చే బాధ్యతను జైలు విద్యాధికారికి రాతపూర్వకంగా అప్పగించవలసి ఉంది.