కాలువగట్టు జీపు – కార్బురేటరు 'స్లో' కథ

ప్రభుత్వ జీపు గురించి మన సంఘ సభ్యులకు కొత్తగా చెప్పనక్కరలేదు. అయితే దాని కార్బురేటరులోని రెండు చిన్న స్క్రూలు ఒక ఉద్యోగి పరువును కూడా నిలబెట్టగలవని మన పిల్లలకు తెలియదు. అందుకే ఈ నాలుగు మాటలు.

రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపును, 1945లో స్థాపితమైన మహీంద్రా సంస్థ 1940ల చివర బొంబాయిలో బిగించడం ప్రారంభించింది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందుతుంది కనుక దారిలేని చోటికీ పోయేది. 1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకు నీరు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో ఎడమ కాలువ గట్ల మీద, వానకు జారే నల్లరేగడిలో జీపే దిక్కు.

1973 చమురు సంక్షోభం తరువాత పెట్రోలు ఖర్చుపై ఆరా పెరిగింది. 1970ల చివర నేను గుమాస్తాగా ఉన్న ఒక కార్యాలయంలో ఒక జీపుకు లీటరుకు రావలసిన కిలోమీటర్లు రాలేదు. తేడా సొమ్ము డ్రైవరు జీతంలో కోయాలని నోటు తయారైంది. పెట్రోలు అమ్ముకున్నాడన్న మాట కూడా పుట్టింది. తూము దగ్గర ఆపితే ఇంజను ఆరిపోతున్నదని, చోక్ సగం లాగి నడుపుతున్నానని అతను మొత్తుకున్నా విన్నవారు లేరు.

చివరకు బండిని సూర్యాపేటలో ఒక షెడ్డుకు పంపారు. అక్కడి ముసలి మేస్త్రీ ముందు స్క్రూల జోలికి పోలేదు. గాలి ఫిల్టరు, ప్లగ్గులు, పాయింట్లు చూశాడు. మిక్చరు స్క్రూ ఎటు తిప్పినా ఇంజనులో మార్పు లేదు. అలాంటప్పుడు స్లో జెట్టులో కచరా అయినా ఉండాలి, ఎక్కడో దొంగగాలి అయినా పోవాలి. జెట్టు శుభ్రంగానే ఉంది. కార్బురేటరు కింది గ్యాస్కెట్ చిట్లింది. కొత్తది వేసి, ఇంజను వేడెక్కాక, చోక్ పూర్తిగా తెరిచి స్లో సెట్ చేశాడు. మిక్చరు స్క్రూను మెల్లగా చివరిదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు వదిలాడు. ఇంజను నున్నగా పలికేచోట ఆపి, రెండో స్క్రూతో వేగం తగ్గించాడు.

మరుసటి నెల లాగ్‌బుక్కులో కిలోమీటర్లు సరిపోయాయి. మేస్త్రీ బిల్లు జతచేసి ఫైలు పెట్టాను, రికవరీ ఆగింది. కాని ఆ డ్రైవరు మీద పడిన మాటను వెనక్కు తీసుకుంటూ ఎవరూ ఒక్క ముక్క రాయలేదు.

తరువాత డీజిలు జీపులు వచ్చాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలతో కొత్త మోటారు సైకిళ్ళలోనూ కార్బురేటరు దాదాపు కనుమరుగైంది. పర్యాటక స్థలాలలో మనవలు ఎక్కే కొన్ని ఏటీవీ బండ్లలో మాత్రం ఇంకా ఉంది. వాటికీ వరస ఇదే. ఒక్క తేడా గమనించాలి: అది పెట్రోలు స్క్రూ అయితే బిగించినకొద్దీ పెట్రోలు పాలు తగ్గుతుంది, గాలి స్క్రూ అయితే పెరుగుతుంది.

మన సభ్యులలో డ్రైవర్లుగా పనిచేసినవారు తమ అనుభవాలను రాసి పంపగలరు. వారి పనితనం లాగ్‌బుక్కులకు ఎక్కలేదు. కనీసం మన సంచికలోనైనా ఎక్కాలి.