కేటలాగులో నిలిచే పేరు: ఢిల్లీలో ఆక్స్‌ఫర్డ్ ప్రచురణలు, తెలుగు రచయితలు

యూనివర్సిటీ ప్రెస్ తన రచయితను పాఠకుల దగ్గరికి ఎలా చేరుస్తుందని ఢిల్లీలో అడిగితే వచ్చే జవాబు మనం ఊహించేదే. ఇండియా ఇంటర్నేషనల్ సెంటర్‌లో సాయంత్రం ఆవిష్కరణ సభ, వేదిక మీద నలుగురు వక్తలు, బయట బల్ల మీద తగ్గింపు ధరకు పుస్తకాలు. ‘ది బుక్ రివ్యూ’కూ ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’కీ సమీక్ష ప్రతులు. ప్రగతి మైదాన్ పుస్తక ప్రదర్శనలో ఒక స్టాలు, దరియాగంజ్ అన్సారీ రోడ్డు నుంచి లైబ్రరీలకు పార్సిళ్లు. ఇదంతా ఆర్నెల్ల ముచ్చట. పరిశోధన గ్రంథానికి అసలు ప్రచారం ఆ హడావుడి సద్దుమణిగాకే మొదలవుతుందని ఈ వ్యాసం వాదన. పుస్తకాన్ని అచ్చులో ఉంచడమూ, దాని మీద గొడవ లేచిన రోజున రచయిత పక్కన నిలబడటమూ ఆ ప్రచారంలో భాగమే. ఇందుకు తెలుగుతో ముడిపడిన ఉదాహరణలే ఎక్కువగా తీసుకున్నాను.

ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ మన దేశంలో 1912లో బొంబాయిలో కాలుపెట్టింది. మొదటి మేనేజరు ఇ.వి. రియూ. తర్వాతి కాలంలో పెంగ్విన్ క్లాసిక్స్‌కు తొలి సంపాదకుడైంది ఆయనే. బడిపుస్తకాల మీద వచ్చిన రాబడే చాలాకాలం పరిశోధన గ్రంథాల నష్టాన్ని పూడ్చింది. 1944లో వేసిన జిమ్ కార్బెట్ పులుల వేట పుస్తకంలా విరగబడి అమ్ముడుపోయేవి ఎప్పుడో గాని తగలవు. ప్రెస్ ప్రధాన కార్యాలయం ఢిల్లీకి మారాక రవి దయాళ్, రుకున్ అద్వానీ లాంటి సంపాదకులు చరిత్ర రచనకు అక్కడ ఒక ఇల్లు కట్టారు. 1982లో సబాల్టర్న్ స్టడీస్ మొదటి సంపుటం ఆ ఇంటి నుంచే వచ్చింది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి నాయకరాజుల తమిళదేశం మీద రాసిన ‘సింబల్స్ ఆఫ్ సబ్‌స్టెన్స్’ కూడా 1992లో ఇక్కడే అచ్చయింది. అయితే 2000లో అద్వానీ, అనురాధా రాయ్ ఆక్స్‌ఫర్డ్‌ను వదిలి పర్మనెంట్ బ్లాక్ అనే చిన్న సంస్థ పెట్టుకున్నారు. మరుసటి ఏడాదే ఆ ముగ్గురి తర్వాతి పుస్తకం ‘టెక్స్చర్స్ ఆఫ్ టైమ్’ను ఆ సంస్థ తెచ్చింది. రచయితను నిలబెట్టడంలో ప్రెస్ పేరు కన్నా సంపాదకుడి చెయ్యే పెద్దదని నా అనుమానం. దానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనిపించలేదు.

ఇక పౌలా రిచ్‌మన్ సంపాదకత్వం వహించిన ‘మెనీ రామాయణాస్’ సంగతి. కాలిఫోర్నియాలో 1991లో వచ్చిన ఈ సంకలనానికి భారతీయ ముద్రణ ఆక్స్‌ఫర్డ్‌దే. ఇందులో ఎ.కె. రామానుజన్ ‘మూడు వందల రామాయణాల’ వ్యాసం పక్కనే తెలుగు స్త్రీల రామాయణ పాటల మీద నారాయణరావు వ్యాసం ఉంది. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణ దేవర నవ్వు లాంటివి మన ఇళ్లలో ఆడవాళ్లు పాడుకున్న పాటలు. వాటిలో పట్టాభిషేకాల కన్నా పురుళ్లకూ, అత్తాకోడళ్ల పంతాలకూ చోటెక్కువ. బ్రాహ్మణ స్త్రీల పాటలకూ ఇతర కులాల స్త్రీల పాటలకూ మధ్య తేడాను కూడా ఆయన అందులో విడదీసి చూపించారు. ఇళ్ల గోడలు దాటని పాట ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థి చేతికి అందడం ప్రచురణ సంస్థ చేసిన మేలే, కాదనను.

2008లో రామానుజన్ వ్యాసం పాఠ్యాంశంగా ఉందన్న కోపంతో ఢిల్లీ విశ్వవిద్యాలయ చరిత్ర విభాగం మీద దాడి జరిగింది. పంజాబ్‌లోని డేరా బస్సీలో ప్రెస్ మీద ఫిర్యాదు పడింది. ప్రెస్ విచారం వెలిబుచ్చింది, పుస్తకం అమ్మకానికి లేకుండా పోయింది. నిషేధమేదీ లేదు, కోర్టు తీర్పూ లేదు. ఉత్త మౌనం. అభ్యంతరం ఒక్క వ్యాసం మీద, కానీ ‘మెనీ రామాయణాస్’ అట్టల మధ్య ఉన్నందుకు మన ఊర్మిళ పాటలకూ అదే గతి పట్టింది. 2011 అక్టోబరులో విశ్వవిద్యాలయ అకడమిక్ కౌన్సిల్ వ్యాసాన్ని సిలబస్ నుంచి తీసేశాక విషయం రచ్చకెక్కింది. ప్రపంచమంతటి నుంచీ వందలమంది పండితులు ప్రెస్‌కు బహిరంగ లేఖ రాశారు. డిసెంబరులో పునర్ముద్రణకు ప్రెస్ ఒప్పుకుంది. అంటే మూడేళ్లపాటు ప్రచారం పని రచయితలూ పాఠకులే నెత్తిన వేసుకున్నారు.

ఆ మరుసటి సంవత్సరమే మరో వింత. 2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఢిల్లీ విశ్వవిద్యాలయం మీద, ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోని రామేశ్వరి ఫొటోకాపీ దుకాణం మీద దావా వేశాయి. ఆ దుకాణంలో అమ్మేది కోర్సు ప్యాకు: ఒక్కో పుస్తకం నుంచి ఒక అధ్యాయం, మరోదాన్నుంచి ముప్ఫై పేజీలు, అన్నీ కలిపి స్పైరల్ బైండింగ్. ప్రచురణకర్త దృష్టిలో అది దొంగతనం. రచయితకు మాత్రం తన పేరు తరగతి గదిలో వినపడే దారి. దావాలో పేర్కొన్న పుస్తకాల రచయితల్లోనే పలువురు తమ ప్రచురణకర్తలకు ఎదురుతిరిగారు. కేసు మానుకోమని అమర్త్యసేన్ కూడా కోరారు. 2016 సెప్టెంబరు 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లోని బోధన మినహాయింపును చూపి దావా కొట్టేశారు. డిసెంబరులో డివిజన్ బెంచ్ కొన్ని అంశాల్ని తిరిగి విచారించమన్నా ఆ మినహాయింపును విశాలంగానే చదివింది. 2017 మార్చిలో ప్రచురణకర్తలు కేసు ఉపసంహరించుకున్నారు. లక్షలు పోసి వేసే కేటలాగు కన్నా ఆ స్పైరల్ కట్టే రచయితకు ఎక్కువ ప్రచారం చేసిందంటే ప్రెస్ వాళ్లకు రుచించదు.

ఇన్ని మాటలన్నాక ఆక్స్‌ఫర్డ్ చేసిన మంచి పని ఒకటి చెప్పకపోతే అన్యాయం. 2016లో కె. పురుషోత్తం, గీతా రామస్వామి, గోగు శ్యామల సంపాదకత్వంలో తెలుగు దళిత రచనల ఆక్స్‌ఫర్డ్ ఇండియా సంకలనం వచ్చింది. మలయాళ, తమిళ సంపుటాలు అంతకుముందే వచ్చాయి. ఇక్కడ ప్రచారాన్ని మోసింది వరుస పేరే. ఉత్తరాదిలో ఒక్క తెలుగు రచయిత పేరూ వినని ఇంగ్లీషు అధ్యాపకుడు కూడా మిగతా రెండు సంపుటాల పక్కన దీన్ని తెప్పించుకుంటాడు. సిలబస్‌లోకి ఎక్కించడం ఆ తర్వాత తేలిక.

అంతకు ఏడాది ముందు, 2015 జనవరిలో, హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ మూర్తి క్లాసికల్ లైబ్రరీ అనే వరుసలో తెచ్చిన తొలి అయిదు పుస్తకాల్లో పెద్దన ‘మనుచరిత్ర’ ఒకటి. అనువాదం నారాయణరావు, షుల్మన్‌లది. ఎడమ పేజీలో తెలుగు లిపిలో పద్యం, కుడి పేజీలో ఇంగ్లీషు. భారతీయ ముద్రణ ధర కొన్ని వందల రూపాయలే. రోహన్ మూర్తి ఇచ్చిన 52 లక్షల డాలర్ల నిధి వెనక ఉంది కాబట్టి అది సాధ్యమైంది. మామూలు మోనోగ్రాఫుకు అలాంటి దాత ఉండడు. పీఠికా వివరణలూ మాత్రం ఇంగ్లీషులోనే. ఆక్స్‌ఫర్డ్ దేశభాషల్లో పండిత గ్రంథాలు వేయడానికి పూనుకున్నప్పుడు హిందీ, బెంగాలీలతో మొదలుపెట్టింది. తెలుగు మీద దాని పుస్తకాలు తెలుగు పాఠకుడికి ఇంగ్లీషు దారిలోనే, ఢిల్లీ మీదుగానే అందుతూ వచ్చాయి.