పెద్ద ప్రధాన కారణాంకాలు: వాల్తేరు నిరూపణ

ముందుగా ఒక చిన్న లెక్క చేద్దాం. 1 నుంచి 100 వరకు గల సంఖ్యల్లో, 10 కంటే పెద్ద ప్రధాన కారణాంకం ఉన్నవి ఎన్ని? 11 గుణిజాలు 9, 13 గుణిజాలు 7. ఇలా 97 వరకు కూడితే మొత్తం 54. ఏ సంఖ్యా రెండుసార్లు లెక్కలోకి రాదు. 10 కంటే పెద్దవైన రెండు ప్రధాన సంఖ్యల లబ్ధం 100ను దాటుతుంది కదా! 100కు బదులు ఇంకా పెద్ద సంఖ్యను, 10కి బదులు దాని వర్గమూలాన్ని తీసుకుంటూ పోతే ఈ నిష్పత్తి 2 యొక్క సహజ సంవర్గమానానికి, అంటే దాదాపు 69.3 శాతానికి చేరువవుతుంది.

వర్గమూలానికి బదులు ఘనమూలమో, నాలుగో మూలమో తీసుకుంటే? 1930లో స్వీడన్‌కు చెందిన కార్ల్ డిక్‌మన్ దీనికి సమాధానం సూచించారు. అయితే ఆయన వాదన సంపూర్ణ నిరూపణ కాదు. ఆ లోటును 1949లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన వి. రామస్వామి తీర్చారు. అంచనాలో దోషం ఏ హద్దు దాటదో కూడా చూపారు. ఆయన వ్యాసం అమెరికన్ మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో వెలువడింది.

"ఇది దేనికి పనికొస్తుంది సార్?" అని సైదాబాద్‌లో మా ఇంటికొచ్చే విద్యార్థులు అడుగుతుంటారు. 1977 నాటి ఆర్‌ఎస్‌ఏ రహస్య లిపి భద్రత, రెండు పెద్ద ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని విడగొట్టడం కష్టమన్న నమ్మకం మీద నిలిచింది. ఎంత కష్టం? విడగొట్టే ఆధునిక పద్ధతులు పెద్ద ప్రధాన కారణాంకాలు లేని సంఖ్యల కోసం వెతుకుతాయి. అవి ఎంత అరుదో తెలిస్తేనే ఆ పనికి పట్టే కాలం అంచనాకు అందుతుంది. వాల్తేరులో రుజువైనది సరిగ్గా ఆ లెక్కే.