మైనం మీద మెట్లు

పెద్దల నాటి వీణ మీ ఇంట్లో ఉంటే ఒకసారి గవిసెన విప్పి చూడండి. మెట్లు కదులుతుంటాయి, మైనం బీటలువారి ఉంటుంది. "ఇంకెందుకు పనికొస్తుందిలే" అనేస్తాం. తొందరపాటు మాట!

ఒకప్పుడు రాగం మారితే మెట్లు జరుపుకోవలసిన వీణలుండేవి. 24 మెట్లూ స్థిరంగా నిలిపిన ఘనత 17వ శతాబ్దం మొదట్లో తంజావూరు ఏలిన రఘునాథ నాయకుడి కాలానిదంటారు. (తెలుగు కావ్యాలు రాసిన రాజు. కొలువులో రామభద్రాంబ, మధురవాణి వంటి కవయిత్రులుండేవారు. అందుకే నాకాయనంటే కాస్త పక్షపాతం లెండి.)

స్థిరమన్నారే గాని, ఆ మెట్లు నిలిచేది తేనెమైనం మీద! మైనంలో బొగ్గుపొడి కలిపి, దండి పొడవునా రెండు గట్లు పోసి, వాటిమీద కంచు మెట్లు అద్దుతారు. ఎండకు మెత్తబడుతుంది, ఏళ్ళు గడిస్తే పెళుసెక్కుతుంది. అప్పుడు మళ్ళీ మేళం కట్టాలి. అంటే రాజుగారి కాలం నాటి ఏర్పాటును ప్రతి తరంలో ఎవరో ఒకరు కొత్తగా నిలబెడుతూనే ఉన్నారన్నమాట.

మా అమ్మ వీణకు మేళం కట్టినాయన రెండు రోజులు మా వసారాలో చాప మీదే కూర్చున్నాడు. పాత మైనం గీకి, మూకుట్లో కరిగించి, గట్లు పోశాడు. ఇక మెట్టు అద్దడం, మీటడం, వెంట్రుకవాసి జరపడం, మళ్ళీ మీటడం. కొలబద్ద లేదు, చెవే కొలబద్ద.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి వీణ చేసే కుటుంబాలున్నాయి. అక్కడిప్పుడు సన్మానాల్లో ఇచ్చే బుల్లి వీణలకు మంచి గిరాకీ. అద్దాల బీరువాలో ముద్దుగా ఉంటాయి. వాటికి మేళం కట్టే పనే ఉండదు.